బావిలో దిగిన సింగిడి

మట్టిరోడ్డు మీద దుమ్ము అణచడానికి నూనె చల్లాలంటే మా జిల్లాలో ఒకప్పుడు ఐదు షరతులు ఉండేవి. ఒకే ఒక్క కాగితం. సైక్లోస్టైల్ చేసింది, ఎడమ అంచున సగం అక్షరాలు పడనిది. ఆ ఐదూ రాసింది నేనే. అవి రాయక తప్పని పరిస్థితి తెచ్చింది కూడా నేనే. ఈ రెండో సంగతి ఆ కాగితంలో ఉండదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. కొత్తగా ఉద్యోగంలో చేరి, నిబంధనలంటే పనికిమాలిన అడ్డుగోడలని విసుక్కునే వాళ్లు దీన్ని చదవాలని నా కోరిక. నేనూ ఒకప్పుడు అలాగే విసుక్కున్నాను.

తొంభైల మొదట్లో నేను నల్లగొండలో పర్యావరణ ఇంజనీరును. కాలుష్యం మీద ప్రభుత్వానికి ఒక శాఖ ఉందంటేనే జనం నమ్మని రోజులవి. వారంలో ఆరు రోజులు ఆ ఉద్యోగం. ఆదివారం మాత్రం నాకు ప్రాణమైన పని ఒకటి ఉండేది: ఊరూరా తిరిగి మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలివ్వడం. నా దగ్గర ఒక ఆకుపచ్చ రేకుపెట్టె ఉండేది. అగ్గిపుల్ల లేకుండా మంట పుట్టించే పొడి, కోస్తే ఎర్రనీళ్లు కారే నిమ్మకాయ, గాల్లోంచి బూడిద రాల్చే ఉపాయం, అన్నీ అందులోనే. బాబాలు చేసేవన్నీ చేసి చూపించి, ఆ తర్వాత గుట్టు విప్పేవాణ్ని. మా జీపు డ్రైవరు ఆ పెట్టెను "సారు దుకాణం" అనేవాడు.

మా పై అధికారి, మేమంతా పెద్దసారు అనేవాళ్లం, నాకు సరిగ్గా ఎదురు. నుదుట కుంకుమ లేకుండా ఆయన సంతకం పెట్టగా నేను చూడలేదు. నెలకోసారి యాదగిరిగుట్ట మెట్లు ఎక్కి రావలసిందే. మధ్యాహ్నం చాయ్ దగ్గర మా ఇద్దరికీ వాదం మొదలైతే గుమాస్తాలు ఫైళ్లు మూసి వినేవారు. నేను ప్రతిదానికీ ఆధారం ఏదనే వాణ్ని. ఆయన నవ్వి, ఇంకో చాయ్ తెప్పించేవాడు.

అలాంటి రోజుల్లో మునుగోడు వైపు ఒక ఊరి నుంచి ఫిర్యాదు వచ్చింది. ఊరవతల గుట్టను పగలగొట్టి కంకర మిషన్ నడుపుతున్నారు. కంకర లారీలు ఊరి నడుమ నుంచే హైవే ఎక్కాలి. రెండు కిలోమీటర్ల మట్టిరోడ్డు. ఆ దుమ్ము చూడాలి మీరు! అన్నం గిన్నె మీద మూత తీస్తే చాలు, మెతుకుల మీద ఎర్రటి పొర. బడిలో పలక మీద రాసిన అక్షరం గంట తర్వాత కనపడదు. చివరికి ఊరివాళ్లు రోడ్డు మీదికి బండలు దొర్లించి లారీలు ఆపేశారు.

రోజూ నీళ్లు చల్లమని చెప్పవచ్చు. కానీ ఎక్కడి నీళ్లు? ఆ ప్రాంతం సంగతి తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. బోర్లన్నిటిలో ఫ్లోరైడు. పిల్లల పళ్ల మీద గోధుమరంగు గార, నలభై ఏళ్లకే వంగిపోయిన నడుములు. ఊరు మొత్తానికి తాగదగిన నీళ్లుండేది ఒకే ఒక్క బావి. రాళ్లతో కట్టిన దిగుడు బావి, రోడ్డు పక్క పల్లంలో. వాననీళ్ల ఊటతో నిండేది కాబట్టి అందులో ఆ విషం తక్కువ. ఆ నీళ్లను బిందెల లెక్కన పంచుకునే ఊళ్లో వాటిని రోడ్డు మీద పోయమని ఏ ముఖంతో చెప్పను?

సరిగ్గా అప్పుడే నాకొక సాంకేతిక పత్రికలో వ్యాసం దొరికింది. పై దేశాల్లో మట్టిరోడ్ల మీద నూనె చల్లి దుమ్ము అణుస్తారని, నూనెకు మట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకుని బరువెక్కి లేవవని అందులో రాశారు. చదువుతుంటే నాకు కాలు నిలవలేదు. మొదటి నాలుగు పేజీలు జిరాక్స్ తీయించి, ఆ సాయంత్రమే నోట్ రాశాను. చివరి పేజీ ఎందుకు తీయించలేదంటారా? అందులో బొమ్మలు లేవు. సన్నటి అక్షరాల్లో ఏవో జాగ్రత్తలు ఉన్నాయి. తర్వాత చూద్దామనుకున్నాను.

హైవే మీద లారీ షెడ్లలో ఇంజన్ల నుంచి తీసిన కాలిన ఆయిల్ పీపాలకు పీపాలు పడి ఉంటుంది. పారబోయలేక వాళ్లు తిప్పలు పడుతున్నారు. దాన్ని తెచ్చి రోడ్డు మీద చల్లితే షెడ్ల పీడా పోతుంది, ఊరి దుమ్మూ పోతుంది. నా తెలివికి నాకే ముచ్చటేసింది. పెద్దసారు నోట్ అంతా చదివి, ఇది ఎక్కడైనా చేశారా అని అడిగాడు. జిరాక్స్ కాగితాలు ముందు పెట్టాను. సంతకం పెట్టాడు.

అడ్డు చెప్పింది ఒక్క డ్రైవరే. ఆయన మా శాఖలోకి రాకముందు ఇరవై ఏళ్లు లారీ షెడ్డులో మెకానిక్. నేను భాయ్ అని పిలిచేవాణ్ని. ఊరికి పోతూ దారిలో నా పథకం ఎంతో ఉత్సాహంగా వివరించాను. ఆయన జీపు వేగం తగ్గించాడు. తర్వాత అన్నాడు:

"కాలిన ఆయిల్ మంచిది గాదు సార్. జర సోంచాయించుండ్రి."

"ఆధారమేంది భాయ్?" అన్నాను.

ఆయన జీపు పక్కకు ఆపి, స్టీరింగ్ మీది నుంచి చేతులు తీసి నా ముందు చాపాడు. వేళ్ల సందుల్లో తోలు పగిలి, నల్లటి గీతలు పడి ఉన్నాయి. గోళ్లు సగం ఊడి మళ్లీ వంకరగా మొలిచాయి. షెడ్డు వదిలి ఆరేళ్లయినా దురద పోలేదన్నాడు.

నేను నవ్వాను. ఒక మనిషికి పడనంత మాత్రాన అది శాస్త్రం కాదని, అనుభవం వేరు, నిరూపణ వేరని చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఆయన మళ్లీ జీపు స్టార్ట్ చేశాడు. నేను అడిగింది ఆధారం. ఆయన చూపించింది చేతులు. అదే ఆధారమని నాకు తట్టలేదు.

ఏప్రిల్‌లో పని మొదలైంది. మిషన్ ఓనరు ఒక పాత ట్యాంకరు వెనక చిల్లులు పొడిచిన పైపు బిగించాడు. రోడ్డు నల్లగా నిగనిగలాడింది. మర్నాడు లారీలు పోతుంటే ఊరంతా గడపల్లోకి వచ్చి నిలబడింది. దుమ్ము లేదు! లారీ వెనక లారీ పోతోంది, గాలి తేటగా ఉంది. ఒక ముసలాయన రోడ్డు మీద వంగి, అరచేత్తో రాసి, చేతిని చూసి, నన్ను చూసి దండం పెట్టాడు. నాకు మజ్జిగ ఇచ్చారు. దుమ్ముకు మందు కనిపెట్టిన సారని చుట్టుపక్కల ఊళ్లలో పేరు వచ్చింది. మే చివరికి మరో మూడు ఊళ్ల నుంచి అర్జీలు వచ్చాయి. మూడింటికీ నోట్లు సిద్ధం చేసుకున్నాను. అవి సంతకానికి పోకముందే వాన పడింది.

మిరుగం తొలివాన, అంటే జూన్‌లో మృగశిర కార్తె వాన. రెండు రోజులు వదలకుండా కురిసింది. వెలిసిన తెల్లవారి మిషన్ ఓనరు ఆఫీసుకు ఫోన్ చేశాడు. ఊళ్లో మంచినీళ్ల బావిలో దేవత వెలిసిందని, నీళ్ల మీద సింగిడి దిగిందని, జనం గుమిగూడి లారీలు పోనివ్వడం లేదని చెప్పాడు.

బావిలో హరివిల్లు! నా చెవులకు పండుగ. మహిమ ఉందన్న చోటికి నేను వెతుక్కుంటూ పోవాలి సాధారణంగా. ఇప్పుడు అదే ఫోన్ చేసి పిలుస్తోంది. రేకుపెట్టె తీశాను. పెద్దసారు తలుపు దగ్గర ఎదురయ్యాడు.

"నీకెందుకయ్యా? వెలిసే దేవతకు మన శాఖ పర్మిషన్ అక్కర్లేదు," అన్నాడు.

"జనానికి నిజం అక్కర ఉంది సార్," అని జీపు ఎక్కాను. దారి పొడవునా మాట్లాడుతూనే ఉన్నాను. డ్రైవరు ఊకొట్టలేదు. అది కూడా నేను పట్టించుకోలేదు.

బావి చుట్టూ రెండు వందల మంది ఉంటారు. మెట్ల మీద పసుపు, కుంకుమ, ఒత్తులు వేసిన దీపాలు. ఒత్తుల కోసం ఆడవాళ్లు ఒళ్లో పత్తి పట్టుకొచ్చారు. నీళ్ల మీద నిజంగానే ఏడు రంగులు. ఊదా, నీలం, ఆకుపచ్చ, ఒకదాంట్లోకి ఒకటి జారుతూ, గాలి వీచినప్పుడల్లా మడతలు పడుతూ. అమ్మవారు చీర ఆరేసిందని ఎవరో అన్నారట, ఊరంతా అదే మాట. నేను చూస్తుండగానే ఒకావిడ దోసిట్లో ఆ నీళ్లు తీసుకుని తాగి, మిగిలినవి నెత్తిన చల్లుకుంది. తీర్థం.

మెట్టు మీద నిలబడి అందరినీ కూచోమన్నాను. వెడల్పాటి ఇత్తడి తాంబాళం ఒకటి అడిగి తెప్పించి, దాని నిండా బోరునీళ్లు పోయించాను. "భాయ్, ఇంజన్ల ఆయిల్ చూసే కడ్డీ పట్టుకరా" అన్నాను. డ్రైవరు బానెట్ ఎత్తి కడ్డీ తీసుకొచ్చాడు. దాని కొసనున్న ఒక్క బొట్టు నీళ్లలో పడేశాను. బొట్టు విచ్చుకుంది. చూస్తుండగానే తాంబాళం అంచుల దాకా ఊదా, నీలం, ఆకుపచ్చ.

జనంలో ఒక గుసగుస లేచింది. వెనకవాళ్లు లేచి మెడలు సాచారు. అలాంటి క్షణం కోసమే కదా నేను ఆదివారాలు ఎండల్లో తిరిగింది! గొంతు పెంచాను. వెలుతురు పలచటి పొర మీద పడి ఎలా విడిపోతుందో చెప్పాను. దేవత లేదు, చీర లేదు, ఇది నూనె, వట్టి నూనె, దీన్ని తీర్థమని తాగితే రోగాలు అని చెప్పాను. నా జీవితంలో అంత బాగా ఎన్నడూ మాట్లాడలేదు.

ముందు వరసలో ఒక అవ్వ కూచుంది. డెబ్బై దాటి ఉంటుంది. నిటారైన మనిషి. పక్కనే వంగిపోయిన ఆమె చెల్లెలు. తనకు బావి ఒడ్డున ఇల్లు దొరికిందని, చెల్లెలిని బోరునీళ్ల వాడకు పెళ్లి చేసి ఇచ్చారని, తమ నడుములకు తేడా అంతేనని ఆమె తర్వాత నాకు చెప్పింది. ఆ అవ్వ లేచి తాంబాళంలోకి వంగి చూసింది. వేలు ముంచి వాసన చూసింది.

"సరె బిడ్డా. దేవత గాదు, నూనె. ఒప్పుకున్న. మరి గా నూనె బావిలకు నడ్సుకుంట రాదు గద. యాడికెల్లి వచ్చింది?"



ఇన్నేళ్లుగా నేను జనానికి నేర్పాలనుకున్నది ఇదే. ఏది చెప్పినా ఊరుకోవద్దు, తర్వాతి ప్రశ్న అడగండి అని. ఆ తర్వాతి ప్రశ్న నేను వేసుకోలేదు. తల ఎత్తి ఒడ్డు వైపు చూశాను. రోడ్డు మీది నుంచి బావి మెట్ల దాకా ఎర్రమట్టి మీద నల్లటి చారికలు, వాననీళ్లు దిగిన దారంతా. మెట్ల రాళ్ల మీద కూడా. నేను వాటిని తొక్కుకుంటూనే కిందికి దిగాను. డ్రైవరు కడ్డీ తుడుస్తూ నిలబడ్డాడు, నన్ను చూడకుండా.

మిషన్ ఓనరు నా భుజం దగ్గరికి వచ్చాడు. మెల్లగా అన్నాడు: "సార్, దేవతనే అననియ్యిండ్రి. గుడి నేను కట్టిస్త. మీ నౌకరి మీకుంటది, నా మిషన్ నాకుంటది."

చూశారా తమాషా! ఆ బావిలో దేవత ఉంటే నేను నిర్దోషిని. లేకపోతే దోషిని. నా ఉద్యోగాన్ని కాపాడగలిగేది ఆ ఒక్క మూఢనమ్మకమే, దాన్ని నా చేతులతో నేనే ఇప్పుడే పగలగొట్టాను. ఇప్పటికీ సమయం ఉంది. నూనె ఎక్కడిదో విచారిస్తామని చెప్పి జీపు ఎక్కవచ్చు. సాయంత్రానికి జనం మళ్లీ దేవత వైపే మొగ్గుతారు. కానీ ఆ సాయంత్రం దాకా ఎందరు తాగుతారు? ఈ బావి పోతే వీళ్లకు మిగిలేది బోర్లే. అవ్వ చెల్లెలు నా ఎదుట కూచుని ఉంది, గడ్డం మోకాళ్లకు ఆనేట్టు.

"రోడ్డు మీదికెల్లి వచ్చింది అవ్వా," అన్నాను. "గా నూనె చల్లుమని రాసిచ్చింది నేనే."

ఒక పడుచువాడు లేచి నా కాలరు పట్టుకున్నాడు. ఇంకో ఇద్దరు లేచారు. అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగుండ్రి. ఈన్ని కొడితె నీళ్లు తేటయితయా?" నా వైపు తిరిగింది. "తెచ్చినోనివి నువ్వే. ఎట్ల తీస్తవో చెప్పు."

"నాకు తెల్వదు," అన్నాను. ఎన్నో సభల్లో మాట్లాడాను. జనం ముందు ఆ మాట అనడం అదే మొదటిసారి.

అవ్వ మళ్లీ తాంబాళం వైపు వంగింది. తర్వాత పక్కనున్నామె ఒళ్లోంచి గుప్పెడు పత్తి తీసింది, ఒత్తులకు తెచ్చిన పత్తి, ఇంకా కడగని, నూలు తీయని పచ్చి పత్తి. రంగుల మీద పరిచింది. పత్తి మునగలేదు. తేలుతూ, అంచుల నుంచి నల్లబడుతూ వచ్చింది. ఎత్తి చూపించింది. కింద నీళ్ల మీద రంగులు చిక్కిపోయాయి. ఇంకో గుప్పెడు పరిచింది. ఈసారి రంగులే లేవు.

"ఒత్తి నూనె గుంజుతది గని నీళ్లు గుంజుతదా?" అంది, నాకేదో చిన్న విషయం గుర్తుచేస్తున్నట్టు.

మీరు నమ్ముతారో లేదో, నాకు కేక పెట్టాలనిపించింది, అంత అవమానంలోనూ! నా తాంబాళంలో, నా బొట్టుతో, నా కంటే మెరుగైన ప్రయోగం చేసింది. బావిలో చేసే ముందు తాంబాళంలో చేసి చూసింది కూడా.

ఇక ఆ రోజు ఎలా గడిచిందో చెప్పలేను. ఇళ్లలో ఉన్న పత్తి అంతా వచ్చింది, పరుపులు విప్పిన పత్తి కూడా. వెదురు తట్టల మీద పరిచి నీళ్ల మీదికి వదిలి, నల్లబడగానే లాగడం. నా కాలరు పట్టుకున్న పడుచువాడు నడుము లోతు నీళ్లలో నా పక్కనే ఉన్నాడు. తట్ట తట్టకీ నన్ను తిట్టాడు, తట్ట తట్టకీ నాకు అందించాడు. డ్రైవరు నన్ను పైకి రమ్మని పిలిచి, కిరసనాయిలు గుడ్డ ఇచ్చి, ఎక్కడెక్కడ ఎలా తుడుచుకోవాలో చూపించాడు. చేతుల సంగతి ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

మధ్యాహ్నం దాటాక డీజిల్ పంపు పెట్టి బావి తోడేశాం. తోడిన నీళ్లు పొలాల్లోకి పోకుండా మిషన్ దగ్గర రాయి తీసిన గుంతలో నింపాం. రోడ్డు మీది నల్లమట్టి పారలతో చెక్కించి, రోడ్డుకూ బావికీ నడుమ కట్ట వేయించాను. ఊరికి రోజూ టౌను నుంచి మంచినీళ్ల ట్యాంకరు పంపాలని మిషన్ ఓనరుకు అక్కడికక్కడే నోటీసు రాశాను. గుడి కట్టించే స్తోమత ఉన్నవాడు కదా.

మర్నాడు పెద్దసారు ముందు నిలబడి జరిగిందంతా రాసిన కాగితం పెట్టాను. తప్పు నాదని మొదటి వాక్యంలోనే ఉంది. ఆయన కుంకుమ సరిచేసుకున్నాడు, చదివాడు. అకాల వర్షం వల్ల అని ఒక్క ముక్క చేరిస్తే నీకే మంచిదన్నాడు. మిరుగంలో పడిన వానను అకాల వర్షమని ఎట్లా రాయను సార్ అన్నాను. ఆయన నవ్వలేదు. "నువ్వు నమ్మనోనివి, నేను నమ్మినోణ్ని. బావిల పడ్డ నూనె ఇద్దరికీ నూనెనే," అని, నాకు మెమో ఇచ్చి, కింద ఇంకో వాక్యం రాశాడు: ఈ విషయమై నిబంధనలు తయారుచేయవలసిందిగా ఈ అధికారినే ఆదేశించడమైనది.

అప్పుడు తీశాను ఆ వ్యాసం చివరి పేజీ. సన్నటి అక్షరాల్లో అన్నీ ఉన్నాయి. ఇంజన్లలో వాడిన నూనెలో అరిగిన లోహాలు, విషాలు ఉంటాయి గనుక అది పనికిరాదని. వానకాలానికి ముందు చల్లకూడదని. బావులకు, చెరువులకు దూరంగా ఉండాలని, రోడ్డు వాలు చూసుకోవాలని. నాలుగు షరతులు అక్కడి నుంచే తీసుకున్నాను. ఐదోది నా సొంతం: నూనె చల్లే ముందు, వాన పడితే ఇది ఎటు పోతుందని ఆ ఊళ్లో నీళ్లు మోసే ఆడవాళ్లను అడగవలెను. ఆఫీసు భాష కాదని పెద్దసారు దాన్ని కొట్టేసి "స్థానికులను సంప్రదించవలెను" అని మార్చాడు. మహబూబ్‌నగర్ బదిలీ అయ్యాక కల్వకుర్తి దగ్గర ఒక కాంట్రాక్టరు నా దగ్గరికి అనుమతికి వచ్చినప్పుడు మాత్రం పెద్దసారు కొట్టేసిన వాక్యాన్నే చదివి వినిపించాను. అడిగి రా, తర్వాత కూచుని మాట్లాడుకుందాం అన్నాను. అతను మళ్లీ రాలేదు.

బావి సంగతి చెప్పలేదు కదూ. దాన్ని ఇంకా రెండుసార్లు తోడాం. ఊట మళ్లీ ఊరిన ప్రతిసారీ సీసాలో నింపి హైదరాబాద్ ల్యాబుకు నేనే పట్టుకెళ్లాను. చలికాలం మొదలయ్యాక తాగవచ్చని కాగితం వచ్చింది. ముద్రలు, సంతకాలు, అన్నీ సక్రమంగా. డ్రైవరూ నేనూ ఆ పూటే ఊరికి పోయాం. ఆడవాళ్లు బిందెలతో బావి మీద నిలబడ్డారు. ఎవరూ దిగడం లేదు.

కాగితం పైకెత్తి చదివాను. అవ్వ చెంబుతో నీళ్లు ముంచి నా చేతికిచ్చింది.

"ముందుగాల నువ్వు తాగు."

తాగాను. చెంబు ఖాళీ అయ్యేదాకా ఆమె నా గొంతునే చూసింది.

"ఎట్లున్నయి?"

"నీళ్లే అవ్వా. వట్టి నీళ్లు."

ఇక దిగుతారనుకున్నాను. ఆమె కొంగు ముడి విప్పి గుప్పెడు పత్తి తీసింది. మెట్లు దిగి, నీళ్ల మీద పరిచి, అలాగే కూచుంది. నేను కాగితం పట్టుకుని నిలబడ్డాను. భాయ్ మొదటిసారి నవ్వాడు. చాలాసేపటికి ఆమె పత్తి ఎత్తి, ఎండకు పట్టి, అటూ ఇటూ తిప్పి చూసింది. వాసన చూసింది. తెల్లగానే ఉంది. అప్పుడు పైకి తలెత్తి ఆడవాళ్లను పిలిచింది:

"రాండ్రి. ముంచుకోండ్రి."